బాణం సంగతి వచ్చే సమావేశంలో

టోపీకోడి రెస్టారెంట్ల ప్రాంతీయ ప్రచార సహకార సంఘం మా సందు మొదట్లో బాణం గుర్తుతో ఒక బోర్డు నెలకొల్పిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. తీర్మానం ఏకగ్రీవం. ఏకగ్రీవం అంటే నేను కూడా చెయ్యెత్తాను. బోర్డు మీద అచ్చుతప్పులు లేవు. ఆ మేరకు పూచీ నాది.

బోర్డుకు పట్టిన కాలం గురించి కొందరు గుసగుసలాడుతున్నారు. వారి కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను ముప్పై ఏళ్లు విలేకరిగా పనిచేశాను. పురపాలక సంఘం సమావేశాలు రాశాను, పాల సంఘం సమావేశాలు రాశాను, శ్మశానం గోడ ఎంత ఎత్తుండాలో తేల్చడానికి వేసిన ఉపసంఘం సమావేశాలు రాశాను. బల్లకు ఇవతల కూర్చుని అవతలివాళ్లను చూసి నవ్వుకోవడం నా వృత్తి. రిటైరయ్యాక బల్లకు అవతల కూర్చునే భాగ్యం కలిగింది. ఇవతల ఎవరూ లేరు. అందుకని ఈ వార్త కూడా నేనే రాసుకోవలసి వస్తోంది.

నాకూ మా ఆవిడకూ రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో ఒక టోపీకోడి షాపు తీసుకున్నాం. ఆవిడ డ్రాయింగు టీచరుగా చేసింది. ఇంట్లో కూర్చుంటే ఒకరి తప్పులు ఒకరు దిద్దుకుంటూ పోట్లాడుకుంటామని మాకు తెలుసు. షాపు పెట్టించినవాడు వరసకు నాకు బావ. బైపాస్ రోడ్డు మీద అతనికి అప్పటికే ఒక టోపీకోడి ఉంది. "బావగారూ, వండక్కర్లేదు, వేయించడమే. ఆలోచించక్కర్లేదు, కంపెనీ ఆలోచిస్తుంది" అన్నాడు. రెండో వాక్యం విన్నాక నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు.

కంపెనీ గుర్తు, పేరులో ఉన్నట్టే, టోపీ పెట్టుకున్న కోడి. కంపెనీ పెద్దాఫీసు వేరే భాష మాట్లాడుతుంది. మన భాషలో టోపీ పెట్టడం అంటే ఏమిటో అక్కడ ఎవరికీ తెలియదు. ఇక్కడ నాకు తెలుసు. ఒప్పందం మీద సంతకాలైన రోజున కంపెనీ సమన్వయాధికారి స్వయంగా నా తలకు టోపీ పెట్టాడు. తర్వాత మా ఆవిడ వైపు తిరిగితే, "ఇంటికొకటి చాలండి" అంది. ఫొటో ఉంది. అందులో నేను నవ్వుతున్నాను.

షాపు మెయిన్ రోడ్డు మీద కాదు. బస్టాండు నుంచి వస్తుంటే ఎడమచేతి వైపు రెండో సందులో. సందు మొదట్లో ఇస్త్రీ బండి, తర్వాత స్టేషనరీ షాపు, తర్వాత మేము. మెయిన్ రోడ్డు మీద నిలబడితే మేము కనబడం. కనబడకపోతే ఏముంది, టోపీకోడి ప్రకటనలు ఊరంతా ఉంటాయి కదా అనుకున్నాను. ప్రకటనలు ఊరంతా ఉన్నాయి. వాటిని చూసి ఆకలేసినవాళ్లు మెయిన్ రోడ్డు మీద ఉన్న టోపీకోడికి వెళ్తున్నారు. వేపుడు మాస్టరు నూనె కాచి, నూనె చల్లార్చి, మళ్లీ కాస్తున్నాడు.

షాపు గది అద్దె ఒప్పందం వానాకాలం చివర్లో ముగుస్తుంది. "అప్పటికి జనం అలవాటు పడితే కొనసాగిద్దాం. లేకపోతే తాళం వేసి బయటపడదాం. ఉన్నదంతా నూనెలో పోయలేం" అంది మా ఆవిడ. అంటే మాకు కావలసింది ఒకటే. సందు మొదట్లో, షాపు ఎటుందో చెప్పే బాణం. నేను వెళ్లి సంఘాన్ని అడిగాను. సంఘం ఎలా పనిచేస్తుందో ఇక్కడ చెప్పాలి.

ఒక్కో షాపు ఒంటరిగా ప్రకటనలు ఇచ్చుకోలేదు. అందుకని ఈ ప్రాంతంలోని షాపులన్నీ అమ్మకాల్లో కొంత శాతం ఒక నిధిలో వేస్తాయి. లాభాల్లో కాదు, అమ్మకాల్లో. లాభం వచ్చిందా అని నిధి అడగదు. అది సభ్యుల వ్యక్తిగత విషయం. ఆ నిధితో అందరికీ కలిపి ప్రకటనలు ఇస్తారు. సభ్యత్వం స్వచ్ఛందం. స్వచ్ఛందంగా చేరనివారి ఒప్పందం రద్దవుతుంది. ఏ ప్రకటన ఎక్కడ పెట్టాలన్నది ఓటుతో తేలుతుంది. ఓటుతో తేలినదాన్ని కంపెనీ ఆమోదించాలి. ఆమోదించకపోతే సభ్యులు తమకు నచ్చిన నిర్ణయం మళ్లీ తీసుకోవచ్చు. కంపెనీకి నచ్చేదాకా ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు. ఇంతటి స్వేచ్ఛ నేను పురపాలక సంఘంలో కూడా చూడలేదు.

షాపుకో ఓటు. ప్రాంతంలో పంతొమ్మిది షాపులు. అందులో పదకొండు ఒక్కాయనవే. ఆయన్ని అందరూ పదకొండు గారు అంటారు. ఆయనే అధ్యక్షుడు. ప్రతి తీర్మానం ముందూ ఆయన సభ వైపు తిరిగి, "ఏమంటారు? మీ ఇష్టమే నా ఇష్టం" అనేవారు. ఎనిమిది మందిమి మా ఇష్టం చెప్పేవాళ్లం. తర్వాత ఓట్లు లెక్కపెట్టేవాళ్లం. మెజారిటీ ఎప్పుడూ ఆయన వైపే ఉండేది. ప్రజల నాడి తెలిసిన నాయకుడు.

సమావేశాలు ఆయన పెద్ద షాపు మేడమీద, పిల్లల పుట్టినరోజులు చేసే హాల్లో జరిగేవి. అక్కడ కుర్చీలన్నీ పిల్లల కొలతవే. మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా ప్రకటనల విధానం మీద చర్చించేవాళ్లం. పెద్ద కుర్చీ ఒకటే ఉంది. పుట్టినరోజు పిల్లకో పిల్లాడికో వేసేది, వెనక బంగారు రంగు అట్టతో కిరీటం అంటించి ఉంటుంది. దాంట్లో పదకొండు గారు కూర్చునేవారు. పక్కన సమన్వయాధికారి నిలబడేవాడు.

మొదటి సమావేశంలో నేను లేచి, అంటే ఆ కుర్చీలోంచి లేవగలిగినంత లేచి, బాణం అడిగాను. సమన్వయాధికారి నాకు నమస్కారం పెట్టాడు.

"చాలా మంచి సూచన విలేకరి గారూ. మనమంతా ఒకే కుటుంబం. మన నిధి, మన బలం. అయితే నిధి ఉన్నది అందరి కోసం. ఒక్క షాపు కోసం బాణం వేస్తే, రేపు అందరూ బాణాలు అడుగుతారు. ఊరు కురుక్షేత్రమైపోతుంది."

"పోనీ నా డబ్బుతో నేను పెట్టుకుంటాను" అన్నాను.

"మా కోడి బొమ్మ, మా రంగులు మా ఆమోదం లేకుండా వాడకూడదండి."

"కోడి లేకుండా, ఉత్త బాణం?"

"ఉత్త బాణం మా స్థాయికి తగదు. బాణం సంగతి వచ్చే సమావేశంలో చూద్దాం."

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ అంతా విని, "డబ్బు దగ్గర మన అన్నాడు, కోడి దగ్గర మా అన్నాడు. గమనించారా?" అంది. గమనించలేదు. మాటల మీద బతికినవాణ్ని నేను. గమనించింది బొమ్మల టీచరు. అది నాకు కొంచెం గుచ్చుకుంది. ఆ గుచ్చుకోవడమే తర్వాత మా కొంప ముంచింది.

ఆ వచ్చే సమావేశంలో పెద్ద బోర్డు విషయం వచ్చింది. నిధితో రోడ్డు పక్కన ఒక భారీ బోర్డు పెట్టాలని కంపెనీ సూచించింది. ఎక్కడ పెట్టాలి? బైపాస్ బావ బైపాస్ మీద అన్నాడు. ఆసుపత్రి ఎదురుగా షాపున్న అక్కయ్య, "నాకొద్దు బాబూ. నా గిరాకీని అంబులెన్సు తెస్తుంది" అంది. మిగతా ఆరుగురం తలా ఒక చోటు చెప్పాం. అప్పుడు పదకొండు గారు కిరీటం కింద నుంచి న్యాయం చెప్పారు. "ఎవరి దగ్గర పెట్టినా ఇంకొకరికి కడుపు మంట. అందుకని అన్ని షాపులకూ సమాన దూరంలో పెడదాం." చప్పట్లు మోగాయి. సర్వేయరును పిలిపించారు. అతను పటం మీద గీతలు గీసి చోటు తేల్చాడు. అది మురుగునీటి శుద్ధి కేంద్రం ఆవరణలో, రెండో తొట్టి పక్కన పడింది.

బోర్డు అక్కడే పెట్టారు. రాత్రిపూట దీపాలు కూడా వెలుగుతాయి. మూడు నెలల తర్వాత ప్రకటనల ఏజెన్సీ ఆయన వచ్చి ఫలితాల నివేదిక చదివాడు. బోర్డు చూసినవారిలో నూటికి నూరు మంది కోడిని గుర్తుపట్టారు. చూసినవారు ఎందరని అక్కయ్య అడిగింది. కేంద్రం వాచ్‌మన్లు ఇద్దరు. ఒకాయన మాంసం తినడు.

ఈలోపు మా ఆవిడ ఒక పని చేసింది. ఒక ఉదయం ఇస్త్రీ బండి ఆయన్ని అడిగి, అతని వెనక గోడ మీద సుద్దముక్కతో ఒక బాణం గీసింది. పక్కన ఒక కోడి కాలు. టోపీ లేదు, రంగులు లేవు. ఒక్క గీతలో లాగిన కాలు. కింద ఏమీ రాయలేదు. "రాస్తే మీరు దిద్దుతారు" అంది.

ఆ మధ్యాహ్నం షాపులో కుర్చీలు చాల్లేదు. నేను అతిశయోక్తి రాసే మనిషిని కాను. చాల్లేదు. వేపుడు మాస్టరు వంటగదిలోంచి తొంగిచూసి, "సార్, ఏదైనా గొడవా?" అని అడిగాడు. ఒకావిడ పిల్లాడికి చెయ్యి కడుగుతూ, "నాలుగేళ్లుగా ఈ రోడ్డునే పోతున్నాను, ఇక్కడొకటి ఉందని తెలీదండీ" అంది. మా ఆవిడ చిల్లర ఇస్తూ నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయను. విశేషణాలు కావలసి వస్తాయి.

అలా వారం నడిచింది. తర్వాతి సమావేశంలో నేను ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం నాకు అలవాటు లేదు. సభ ముందు నిలబడి, ఒక సుద్దముక్క మా అమ్మకాలను ఎలా లేపిందో వివరించాను. ఇది సంఘానికి ఒక పాఠమన్నాను. సభ శ్రద్ధగా విన్నది. సమన్వయాధికారి మరీ శ్రద్ధగా విన్నాడు.

"అభినందనలు విలేకరి గారూ. అయితే అది అనధికార బాణం. అమ్మకాలు పెరిగినా అవి అనధికార అమ్మకాలే. నిధిలో వేసే శాతం మాత్రం వాటి మీద కూడా మామూలే, అది మన ఉమ్మడి బాధ్యత. బాణం మీరు తుడిచేయాలి. లేకపోతే మా న్యాయ విభాగం వస్తుంది."

పక్కన కూర్చున్న బైపాస్ బావ నా చెవిలో, "నిన్నెవరు చెప్పమన్నారు బావా? కోడి గుడ్డు పెట్టి ఊరంతా అరిచినట్టు!" అన్నాడు.

తడిగుడ్డ తీసుకెళ్లి బాణాన్ని నేనే తుడిచాను. ఇస్త్రీ బండి ఆయన చూస్తూ నిలబడ్డాడు. "అమ్మగారు గీశారు కదండీ" అన్నాడు. "నిబంధనలు" అన్నాను. "మీరు ప్రభుత్వమా?" అని అడిగాడు. మర్నాటి నుంచి షాపులో కుర్చీలు మళ్లీ చాలినన్ని ఉన్నాయి.

మా ఆవిడ రెండు రోజులు ఖాళీ కుర్చీలు తుడిచింది. మూడో రోజున, "వచ్చే సమావేశంలో బాణం తేల్చుకు రండి. వానలు మొదలయ్యాయి" అంది. తేల్చుకొస్తానని మాట ఇచ్చాను. మాట ఇవ్వడంలో నేను ఎప్పుడూ వెనకాడలేదు.

ఆ సమావేశంలో మూడు అంశాలు. ఒకటి, కొత్త నినాదం. రెండు, ఇతరములు. మూడు, బాణం. నేను మూడోదాని కోసం గట్టిగా సిద్ధమై వెళ్లాను. మొదటి అంశం దగ్గర ఏజెన్సీ ఆయన నినాదం చదివాడు. "మా కోడి కూసింది!"

నా లోపల ముప్పై ఏళ్ల వృత్తి లేచి నిలబడింది. మా ఆవిడ గుచ్చిన చోటు మళ్లీ సలిపింది. మా! తినడానికి వచ్చేవాడి ముఖాన మా! నేను చెయ్యెత్తాను.

ఆ రోజు నేను చేసిన ప్రసంగాన్ని ఇంతకాలం ఇతరుల ప్రసంగాలు రాసినంత నిజాయితీగా ఇక్కడ ఇస్తున్నాను.

"సభ్యులారా! మా, మన. రెండూ చిన్న మాటలే. కానీ ఎన్నో పెద్ద భాషలకు లేని సంపద ఇది. మా అంటే వినేవాడు గుమ్మం బయట ఉంటాడు. మన అంటే లోపలికి వచ్చి కూర్చుంటాడు. మా అన్నం అంటే వాసన చూసి పొమ్మనడం. మన అన్నం అంటే చెయ్యి కడుక్కోమనడం. ఆకలితో వచ్చినవాణ్ని ఒక్క అక్షరంతో గెంటేస్తారా? అధ్యక్షా, కోడి మారకపోయినా ఫరవాలేదు. మాట మారాలి!"

కిరీటం కింద కదలిక వచ్చింది. "నాకో అనుమానం విలేకరి గారూ" అన్నారు పదకొండు గారు. "మన కోడి అన్నామనుకోండి. వాడొచ్చి శుభ్రంగా తినేసి, మనదే కదండీ అని మూతి తుడుచుకుపోతే? బిల్లెవరు కడతారు?"

"కూసేది పుంజు కదయ్యా. ముదురు పుంజును వేయిస్తే ఎవడి పళ్లు ఆగుతాయి?" అంది ఆసుపత్రి అక్కయ్య.

"అది పుంజేనని ఎవరన్నారు?" అన్నాడు బైపాస్ బావ.

"టోపీ పెట్టుకుంది కదా! ఆడది ఇంత తేలిగ్గా టోపీ పెట్టించుకుంటుందా?" అంది అక్కయ్య.

చర్చ రసకందాయంలో పడింది. సమన్వయాధికారి పెద్దాఫీసుకు ఫోన్ చేశాడు. అక్కడి నుంచి జవాబు వచ్చింది: వారి భాషలో రెండింటికీ ఒకటే మాట. కాబట్టి మార్పు జరిగిందనీ అనుకోవడం లేదు, జరగలేదనీ అనుకోవడం లేదు. అంటే అనుమతి వచ్చినట్టే. ఓటింగు జరిగింది. పదకొండు గారు కూడా నా వైపే చెయ్యెత్తారు. పదకొండు ఓట్లతో ఆ ఒక్క చెయ్యి లేవడం నేను అదివరకు చాలాసార్లు చూశాను, కానీ నా కోసం లేవడం అదే మొదలు. చప్పట్లు. నన్ను తీసుకెళ్లి పుట్టినరోజు కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడికక్కడే భాషా ఉపసంఘం వేసి నన్ను అధ్యక్షుణ్ని చేశారు. కిరీటం అట్ట మెడకు ఒరుసుకుంటుందని కూర్చున్నాకే తెలిసింది. అయినా బాగానే ఉంది.

ఆ చప్పట్ల మధ్యనే ఇతరములు అనే రెండో అంశం ఆమోదం పొందింది. వానాకాలం అంతా ఒక కోడి ప్లేటు కొంటే ఒక ప్లేటు ఉచితం. చప్పట్లు కొడుతున్న చేతులను ఓట్లుగా లెక్కించారు. ఆ రెండో ప్లేటు కంపెనీ ఇవ్వదు, సంఘమూ ఇవ్వదు. అది మా ప్లేటు. ఇక్కడ 'మా' వాడటం సరైనదేనని భాషా ఉపసంఘం అధ్యక్షుడిగా ధ్రువీకరిస్తున్నాను.

ఆరు గంటలకు హాల్లో ఎవరిదో నిజమైన పుట్టినరోజు ఉంది. పిల్లలు టోపీలతో తలుపు దగ్గర నిలబడ్డారు. సమావేశం ముగించారు. మూడో అంశం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

ఇంటికి వెళ్లాను. మా ఆవిడ తలుపు తీసి, "బాణం?" అంది.

"మన గెలిచింది" అన్నాను.

"మనమా? నిజంగా? మనం గెలిచామా?"

"మనం కాదు. మన."

ఆవిడ తలుపు వేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి అన్నం వడ్డించింది. మన అన్నం. ఇద్దరం తిన్నాం.

ఉచిత ప్లేటు బోర్డు షాపు లోపల పెట్టాం. లోపలికి వచ్చినవాళ్లకే అది కనబడుతుంది. స్టేషనరీ షాపాయన రోజూ వచ్చి ఒకటి కొని ఒకటి ఉచితంగా ఇంటికి తీసుకెళ్లేవాడు. "మీ కష్టం చూడలేకపోతున్నాను సార్, అందుకే రోజూ వస్తున్నాను" అనేవాడు. వేపుడు మాస్టరు వేరే చోట పని చూసుకుంటానని ఒకసారి అన్నాడు, ఇంకో నెల ఉంటానని తనే అన్నాడు. గది ఓనరమ్మ కొడుకు టేపు పట్టుకుని వచ్చి గోడలు కొలుచుకుపోయాడు. ఎందుకని మేము అడగలేదు.

వానాకాలం చివరి సమావేశంలో బాణం మొదటి అంశంగా వచ్చింది. నేను ఇప్పుడు మామూలు సభ్యుణ్ని కాను, ఉపసంఘం అధ్యక్షుణ్ని. పదకొండు గారు లేచి, "మన విలేకరి గారు మన సంఘానికి మన అనే మాట ఇచ్చారు. మనం ఆయనకు ఒక బాణం ఇవ్వలేమా?" అన్నారు. కొత్త నినాదంతో పెట్టే మొదటి బోర్డు మా సందు మొదట్లోనే పెట్టాలని తీర్మానించారు. ఏకగ్రీవం. ఆ రోజు ఇంటికి దాదాపు పరుగెత్తాను. మా ఆవిడ నమ్మలేదు. నమ్మాక, ఓనరమ్మకు ఫోన్ చేసి ఇంకో రెండు నెలలు గడువు అడిగింది. ఓనరమ్మ ఒక నెల ఇచ్చింది. "ఆ నెలలో జనం పట్టుకుంటే చాలు. సుద్దముక్కకే అంతమంది వచ్చారు" అంది మా ఆవిడ. తెల్లారి వెళ్లి కొత్త కుర్చీలు నాలుగు బేరం చేసి వచ్చింది.

బోర్డుకు కంపెనీ నిబంధనల పుస్తకం ఉంది. కోడి ఎంత, టోపీ ఎంత, రంగు ఏది, అన్నీ అందులో రాసి ఉంటాయి. కోడి ముక్కు ఎప్పుడూ కుడివైపుకే ఉండాలని కూడా ఉంది. ఎడమవైపు చూసే కోడి గతాన్ని చూస్తున్నట్టు ఉంటుందట. బోర్డు మీద ఏ గుర్తు వేసినా అది ముక్కు వరసలోనే ఉండాలి. ఈ వివరాలన్నీ నాకు తెలుసు. నినాదం పనిలో ఆ పుస్తకం మొత్తం చదివి, అందులో అచ్చుతప్పులు పట్టి పంపినవాణ్ని నేనే.

నాలుగు రోజుల తర్వాత బోర్డు నమూనా నా ఫోనుకు వచ్చింది. భాషా ఉపసంఘం అధ్యక్షుడు చూసి సరే అంటే అచ్చుకు వెళ్తుంది. పైన నినాదం. కింద కోడి. కోడి కింద బాణం, నిబంధన ప్రకారం. బాణం మీద "రండి, ఇటే!" నేను కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. చూడగానే దొరికింది. "మన కోడి కుసింది" అని ఉంది. దీర్ఘం లేదు! దీర్ఘం లేని కూత కూతే కాదు. ఆ ఒక్క దీర్ఘం లేకపోతే ఊరంతా మమ్మల్ని చూసి నవ్వేది.

మా ఆవిడ చెయ్యి చాపింది. "ఏదీ, నన్నొకసారి చూడనివ్వండి."

"అచ్చు దిద్దడం నాకు కొత్తా? నువ్వు కుర్చీల సంగతి చూడు."

"అంతా చూశారుగా?"

"అక్షరం అక్షరం చూశాను."

అది నిజం. దీర్ఘం వేయించి, సరే అని పంపాను.

ఆవిష్కరణ రోజున పంతొమ్మిది షాపుల తరఫునా తొమ్మిది మందీ వచ్చారు. ఇస్త్రీ బండిని కొంచెం జరపమన్నారు. వేపుడు మాస్టరు ఉదయం నుంచీ నూనె వేడిగా ఉంచాడు. పదకొండు గారు మాట్లాడారు. "ఈ బాణం ఒక్క షాపుకు దారి చూపించే బాణం కాదు. ఇది మన సహకారానికి దారి చూపించే బాణం" అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని అప్పుడు మాకెవరికీ తెలియదు. గుడ్డ లాగారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను దీర్ఘం చూశాను. ఉంది. చక్కగా ఉంది.

మా ఆవిడ బోర్డు వైపు చూసింది. సందు వైపు చూసింది. మళ్లీ బోర్డు వైపు చూసింది.

"బోర్డు బాగుందండీ" అంది. "మనం ఎడమవైపు కదా ఉన్నాం?"

బాణం కుడివైపు చూపిస్తోంది. రోడ్డుకు కుడివైపున, సరిగ్గా మా సందుకు ఎదురుగా, పళ్ల డాక్టరు క్లినిక్ ఉంది.

సమన్వయాధికారిని పక్కకు పిలిచి చెప్పాను. అతను బోర్డు చూసి, ఫోనులో నా ఆమోదం చూసి, "మీ సంతకమే కదండీ" అన్నాడు. మన నిధి, మా కోడి, మీ సంతకం. వ్యాకరణం పూర్తయింది. బాణాన్ని తిప్పితే ముక్కు వరస తప్పుతుంది, కోడిని తిప్పితే పెద్దాఫీసు ఒప్పుకోదు. ఇక మిగిలింది సందును తిప్పడం. ఆ విషయం వచ్చే సమావేశంలో చర్చిద్దామన్నాడు.

బోర్డు పనిచేయలేదని ఎవరైనా అంటే అది అబద్ధం. జనం బాణం చూశారు, బాణం చూపించిన వైపే వెళ్లారు. పళ్ల డాక్టరు రెండో కుర్చీ కొన్నాడు. ఒకరోజు రోడ్డు దాటి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ పుణ్యం విలేకరి గారూ. ఆకలితో వస్తారు, వచ్చారు కదా అని నోరు తెరిపించి చూస్తాను. ప్రతివాళ్లకూ ఏదో ఒకటి ఉంటుంది. మీరూ రండి, ఊరికే చూస్తాను." వెళ్లాను. రెండు పళ్లు తీశాడు. ఒకటి చూపిస్తే ఒకటి ఉచితం.

ఓనరమ్మ ఇచ్చిన నెల అయిపోయింది. షాపుకు తాళం వేశాం. వేపుడు మాస్టరుకు బైపాస్ బావ దగ్గర పని దొరికింది. నాలుగు కొత్త కుర్చీలు ఇంట్లో ఉన్నాయి. మేమిద్దరమే కాబట్టి రెండు ఎప్పుడూ ఖాళీగా ఉంటాయి. చివరి రోజున మా ఆవిడ కౌంటరు సొరుగు ఖాళీ చేస్తుంటే సుద్దముక్క దొరికింది. సగం అరిగింది. దాన్ని సంచిలో వేసుకుంది. "ఎందుకు?" అన్నాను. "మీరు తుడవనిచోటు ఎక్కడైనా ఉంటే గీద్దామని" అంది.

నా సంఘ సభ్యత్వం మాత్రం రద్దు కాలేదు. షాపు పోయినా ఒప్పందం గడువు తీరేదాకా సభ్యత్వం ఉంటుందని అందులో రాసి ఉందట. పిల్లల కుర్చీలో కూర్చుని ఇప్పటికీ భాషా ఉపసంఘం నివేదికలు చదువుతున్నాను. మంచి చప్పట్లు వస్తాయి.

ఇది చదివినవారిలో కొందరు నాకు రాస్తారని తెలుసు. 'మన కోడి' కన్నా 'మీ కోడి' అయితే ఇంకా మర్యాదగా ఉండేదని ఒకరు రాస్తారు. కూసేది పుంజయితే 'కూశాడు' అనాలా అని ఇంకొకరు అడుగుతారు. అందరికీ జవాబిస్తాను, అది ఉపసంఘం బాధ్యత. కానీ ఒక్క సంగతి. నమూనా నా ఫోనుకు వచ్చిందని రాసేసరికే సందు ఎటుందో మీకు చెప్పాను, కోడి ముక్కు ఎటుంటుందో కూడా చెప్పాను. మీరు అక్కడ ఆగారా? ఆగి ఉంటే మీకు నా నమస్కారం, మీరు వేరు. ఆగకుండా నా వెంటే దీర్ఘం దగ్గరికి వచ్చేసి ఉంటే మొహమాటపడకండి. మా ఇంట్లో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వచ్చి కూర్చోండి. మనం మనం ఒకటి.